సహకార రంగంపై ప్రసంగం, మూడో భాగం

పోయిన చలికాలంలో కొందరు పడుచువాళ్ళు కలిసి మన ఊరి పాత సంగీతం మీద ఒక ప్రదర్శన పెట్టారు. నన్నూ పిలిచారు. గోడకు తగిలించిన అట్టల్లో ఒకదాని మీద ఇలా ఉంది: "బర్మా దేశం పరదేశాలకు తలుపులు మూసుకున్న ఆ పాతికేళ్ళలో ఈ నగరంలో జాజ్ ఆల్బమ్ తయారైనట్టు ఆధారాలు లేవు. ఒకటో రెండో తయారై ఉన్నా, తేమకూ కాలానికీ పోయి ఉంటాయి."

చేతికర్ర ఆనించుకుని ఆ రెండు వాక్యాలనూ మూడుసార్లు చదివాను. ఒళ్ళు మండింది.

నేను ముప్పై నాలుగేళ్ళు టేపుల మధ్య బతికాను. తేమ ఏం చేస్తుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. తేమ టేపుకు బూజు పట్టిస్తుంది. పొరనూ పొరనూ అంటిస్తుంది. అంతేగాని పాటను తీసేసి ఆ చోట చదునైన నిశ్శబ్దాన్ని పెట్టి వెళ్ళదు. దానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషికి ఒక వేలు ఉండాలి. అది ఎవరి వేలో నాకు తెలుసు కాబట్టి, మీరు మర్యాదగా తేమ మీద తోసెయ్యడం చూస్తూ ఊరుకోలేక ఇది రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. వాళ్ళలో చాలామంది పోయారు, జవాబు చెప్పుకోలేరు. వాళ్ళ పిల్లలేమో ఈ ఊళ్ళోనే ఉన్నారు.

మా స్టూడియో రేవు పక్కన, సేక్కాన్ గోదాముల వెనక సందులో ఉండేది. ఒకప్పుడు అది ఎవరిదో గ్రామఫోను కంపెనీ. సర్కారు తీసేసుకున్నాక పాటలు తగ్గి ప్రసంగాలు పెరిగాయి. మంత్రులూ డైరెక్టర్లూ వచ్చి మైకు ముందు కూర్చుని చదివేవారు. మేము టేపుకు ఎక్కించి, కాపీలు తీసి, మిల్లులకూ ఫ్యాక్టరీలకూ పంపేవాళ్ళం. రేవులో ఓడ కూత వేస్తే ఎంతటి మంత్రైనా మళ్ళీ మొదటినుంచి చదవాల్సిందే. ఉద్యోగంలో నాకున్న సరదా అదొక్కటే.

మా నాన్న అహ్లోన్ బియ్యపు మిల్లులో బస్తాలు మోసినవాడు. నా బడి ఎనిమిదితో ఆగింది. స్టూడియోలో పెట్టెలు మోసే పనికి చేరాను. మిగతా చదువంతా నేను సొంతంగా సంపాదించుకున్నదే. ఊరి మధ్యలో పరదేశీయుల గ్రంథాలయం ఒకటి ఉండేది. పని దిగగానే అక్కడికి పోయి, పక్కన నిఘంటువు పెట్టుకుని, మైకుల గురించి, గదుల ప్రతిధ్వని గురించి లావు పుస్తకాలు చదివేవాణ్ణి. ఎందుకో తెలియకుండానే ఖగోళం చదివాను, ఈజిప్టు చదివాను. పాత రాజుల శాసనాల మీద ఒక పుస్తకం సగంలో ఉండగా పై నుంచి ఆర్డరు వచ్చి గ్రంథాలయం మూతపడింది. సగం దగ్గర నేను పెట్టుకున్న బస్సు టికెట్టుతో సహా ఆ పుస్తకం లోపలే ఉండిపోయింది. దీన్ని గుర్తుపెట్టుకోండి. మళ్ళీ వస్తుంది.

ఇక ఆయన సంగతి. అందరూ ఆయన్ని సయా అనేవారు. బర్మా భాషలో గురువని అర్థం. దేశం తలుపులు మూసుకోకముందు నది ఒడ్డున పెద్ద హోటల్లో ఇరవై మంది పెద్ద బ్యాండు ఒకటి ఉండేది. దానికి నాయకుడూ పియానో వాయించేదీ ఈయనే. తరవాత ఆ డ్యాన్సులు తప్పని సర్కారు తేల్చింది. ఇరవై మందిలో కొందరు దేశం దాటిపోయారు, కొందరు ఊదుడు మానేసి గుమాస్తాలయ్యారు. మిగిలిన వాళ్ళతో సయా సర్కారు వేడుకల్లో మార్చింగు పాటలు వాయించేవారు, మా స్టూడియోకు వస్తూ పోతూ ఉండేవారు.

ఒకరోజు టీకొట్లో నాతో అన్నారు: "నీకు తెలుసా, ముప్పై ఏళ్ళు వాయించాను గాని నన్ను ఎవరూ వినలేదు."

"అదేమిటి సయా, ఊరు ఊరంతా విన్నది కదా."

"ఊరు బ్యాండును విన్నది. పన్నెండు బాకాలు మోగుతుంటే మధ్యలో పియానో ఎవరికి వినపడుతుంది? వాళ్ళు ఊపిరి పీల్చుకునే సందులో నాలుగు మెట్లు నొక్కేవాణ్ణి. అంతే నా వాటా."

అప్పుడు కుడి చెయ్యి బల్ల మీద పెట్టి చూపించారు. ఉంగరపు వేలు లోపలికి ముడుచుకుని ఉంది. ఎడమచేత్తో దాన్ని విప్పారు, టక్కుమన్న చప్పుడు నాకు వినిపించింది.

"ఈ చలికాలం వాయించగలను. వచ్చే చలికాలం మాట ఇవ్వలేను. ఆరు పాటలు కట్టాను. నలుగురం చాలు. నువ్వు ఎక్కించగలవా?"

ఎవరినీ అడగకుండా ఒప్పుకున్నాను. అది నా మొదటి తప్పని మా ఆఫీసులో కొందరు తరవాత అన్నారు. నా తప్పుల జాబితాలో దాన్ని నేనెప్పుడూ చేర్చలేదు.

నలుగురిలో డ్రమ్ములు కొట్టేది కస్టమ్స్ గుమాస్తా. బాస్ వాయించేది చర్చిలో పాడే మనిషి. క్లారినెట్టు మా బావది. మా ఆవిడకు వరసకు అన్న. అహ్లోన్‌లో మన తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళలో, అమ్మవారి ఊరేగింపులో బ్యాండు వాయించేవాడు. సయా పెద్ద బ్యాండులో కూడా మూడేళ్ళు ఊదాడు. మనిషి నోరు ఎంత దురుసో ఊపిరి అంత మెత్తన.

వానాకాలంలో మా రేకుల కప్పు కింద ఏదీ ఎక్కించలేం. అందుకని చలికాలం చూసుకుని, మూడు ఆదివారాలు, ఆఫీసుకు సెలవుండగా పొద్దున్నే తలుపు తీశాను. మా హాలు ప్రసంగాలకు పనికొచ్చేదే గాని డ్రమ్ముకు పనికిరాదు, గోడలు అరుపును తిరగ్గొట్టేవి. మందపాటి గుడ్డ వేలాడదీస్తే ఆ అరుపు చస్తుందని గ్రంథాలయంలో చదివాను. మందపాటి గుడ్డ ఎక్కడ దొరుకుతుంది? నాన్న పనిచేసిన మిల్లుకు పోయి అరవై ఖాళీ గోనెసంచులు తెచ్చి గోడల పొడుగునా కట్టాను.

మా బావ లోపలికి వచ్చి చుట్టూ చూశాడు.

"ఏటి బావా, పాటలెక్కిత్తావనుకుంతే బియ్యం దించుతున్నావేటి?"

"ప్రతిధ్వని రాకుండా. పుస్తకంలో ఉంది."

"ఆ పుస్తకం రాసినోడు గోనెల కింద పడుకున్నాడేటి ఎప్పుడైనా? నాను పడుకున్నాను. దురద లేత్తాది."

మొదటి పాట ఎక్కాక వెనక్కి తిప్పి వినిపించాను. సయా కళ్ళు మూసుకుని విన్నారు. పియానోలో ప్రతి మెట్టూ వినిపిస్తోంది. మా పియానోకు పై వరసలో రెండు మెట్లు చెదపురుగుల వల్ల పలికేవి కావు. ఆ రెంటినీ తప్పించుకుంటూ ఆరు పాటలూ కట్టారని అప్పటికి నాకు తెలియదు. తెలిశాక మళ్ళీ వింటే, ఆ రెండు మెట్ల దగ్గరికి వచ్చి వేళ్ళు పక్కకు తిరగడం ఎంత అందంగా ఉండేదో చెప్పలేను. నాలుగో పాటలో మరీను. క్లారినెట్టు కింద నుంచి పైకి పాకుతూ వచ్చి సరిగ్గా ఆ ఖాళీలో నిలబడేది. పియానో పలకలేనిది అది పలికేది.

మూడు ఆదివారాలకు ఒక రీలు నిండింది. ముప్పై మూడు నిమిషాలు.

క్యాసెట్టుగా బయటికి రావాలంటే పరిశీలన కమిటీ అనుమతి ఉండాలి. దరఖాస్తు నేనే రాశాను, మంచి దస్తూరితో. రెండు వారాలకు తిరిగొచ్చింది. "పాటల సాహిత్యం జతచేయవలెను" అని ఎర్ర సిరాతో ఉంది. ఇవి వాద్యాలు మాత్రమే, మాటలు లేవని రాసి పంపాను. మళ్ళీ వచ్చింది. "సాహిత్యం లేనిచో పరిశీలించుట సాధ్యపడదు." నేనే వెళ్ళాను. కమిటీ గుమాస్తా కుర్చీలో వెనక్కి వాలి అన్నాడు: "మాటలున్న పాటైతే ఏమంటోందో చూసి కొట్టేస్తాం. ఇందులో మీరేమంటున్నారో ఎట్లా తెలుస్తుంది?"

"ఏమీ అనటం లేదండి."

"అదే చెప్తున్నా. ఏమీ అనకుండా ముప్పై మూడు నిమిషాలు ఎవరైనా శ్రమపడతారా?"

ఈ మాటకు మీరు నవ్వుతారు. నవ్వండి. నేను మాత్రం ఇప్పటికీ నవ్వలేకపోతున్నాను. ముప్పై ఏళ్ళు ఒక మనిషి తన వంతు కోసం కూర్చుంటే, ఆ వంతు మీద వీడు ఎర్ర సిరా సీసా ఒలకబోశాడు.

పరదేశం నుంచి టేపు వచ్చే దారి లేదు గనుక మా స్టూడియోలో ఒక పద్ధతుండేది. అనుమతి లేని టేపును నెల తిరిగేలోగా చెరిపి మళ్ళీ వాడాలి. కత్తిరించిన ముక్కలను కూడా జానెడు కన్నా పొడుగుంటే అతికించి కొత్త చుట్ట చెయ్యాలి. సయా రీలుకు నెల గడువు దగ్గరపడింది. దాన్ని ఇంటికి తీసుకుపోలేను, గేటు దగ్గర సంచులు వెతికేవారు. అప్పుడు నా చదువు నాకు పనికొచ్చింది. పనికొచ్చిందనే అనుకున్నాను.

ఆ శాసనాల పుస్తకంలో చదివింది గుర్తొచ్చింది. వేల ఏళ్ళనాటి రాతల్లో ఏవి మిగిలాయంటే రాజుల పేరున్నవి. వాటి జోలికి ఎవరూ వెళ్ళరు. మా గోదాములో కూడా పై వరస అలాంటిదే. అక్కడ పార్టీ పెద్దల ప్రసంగాలు ఎర్ర చీటీలతో ఉండేవి. వాటిని చెరిపే ధైర్యం ఎవరికీ లేదు. ఒక పెద్ద మనిషి సహకార రంగం మీద చేసిన ప్రసంగం రెండు రీళ్ళలో ఉంది. మొదటి భాగం, రెండో భాగం. సయా రీలు పెట్టె మీద ఎర్ర చీటీ అంటించి, "సహకార రంగంపై ప్రసంగం, మూడో భాగం" అని రాసి ఆ రెంటి పక్కన నిలబెట్టాను.

సయాకు చెబితే చాలాసేపు నవ్వారు. "మూడో భాగంలో ఆయన బాగా మాట్లాడాడు" అన్నారు. మా బావ మాత్రం నవ్వలేదు.

"మా గొప్ప పని సేసినావు. ఆలు ఇంతే?"

"వాళ్ళు వినరు."

"ఆలు ఇనరని నీకేటి గేరంటీ?"

గ్యారంటీ ఉంది. మా పై ఆఫీసరు ఏడాదికోసారి పై వరస తనిఖీ చెయ్యాలి. ప్రతి రీలునూ విని, తనిఖీ కాగితంలో ఒక్కో గడిలో రాసి సంతకం పెట్టాలి. ఆయన బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతూ గడులన్నీ ఒక్క ఊపులో నింపేవాడు. "విన్నాము. బాగుంది." మొదటి భాగం, విన్నాము, బాగుంది. రెండో భాగం, విన్నాము, బాగుంది. మూడో భాగం, విన్నాము, బాగుంది. అలా ఆరేళ్ళు. అక్కడ పైకి పాకే క్లారినెట్టు ఉందని, పలకని రెండు మెట్ల చుట్టూ తిరిగే పియానో ఉందని తెలియకుండా ఆ మనిషి ఆరుసార్లు సంతకం పెట్టాడు. ఆ కాగితాలు చూసినప్పుడల్లా లోపల లోపల పొంగిపోయేవాణ్ణి. నా అంత తెలివైనవాడు ఈ ఊళ్ళో లేడనుకున్నాను.

సయా మాట నిజమైంది. తరవాత చలికాలానికే ఉంగరపు వేలు పూర్తిగా బిగుసుకుపోయింది, దాని పక్క వేలు కూడా. వేడుకల బ్యాండులో ఆయన చోట ఇంకెవరినో పెట్టారు. ఇక ఆయన వాయించినదాంట్లో మిగిలింది పై వరసలో ఎర్ర చీటీ కింద ఉన్న ఆ ముప్పై మూడు నిమిషాలే. తామ్వేలో ఆయన ఇంటికి పోయినప్పుడల్లా అడిగేవారు: "మూడో భాగం ఆరోగ్యమేనా?" "బాగుంది సయా, మొన్ననే ఆఫీసరు విన్నాడు" అనేవాణ్ణి. అది మా ఇద్దరికీ నమస్కారం లాంటిదైపోయింది.

ఎనభై ఎనిమిది వచ్చింది. ఆ ఆగస్టు గురించి మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. ఊరంతా రోడ్డు మీదికొచ్చింది. మేమూ వచ్చాం. స్టూడియోకు తాళం వేసి, పాత కర్టెను మీద బ్రష్షుతో మా ఆఫీసు పేరు రాసుకుని నడిచాం. నాలుగు వారాలు పనిలోకి పోలేదు. నా జీవితంలో నేను నిటారుగా నడిచిన నాలుగు వారాలవి. తరవాత తుపాకులొచ్చాయి. పార్టీ పోయింది, దాని చోట సైన్యం కూర్చుంది. అందరూ పనిలోకి రావాలన్నారు.

వెళితే ఒక ఫారం చేతిలో పెట్టారు. ఆ నాలుగు వారాలూ ఎక్కడున్నావు, ఎవరితో ఉన్నావు. నాకు జ్వరమని రాశాను. నా ముందు నిలబడ్డవాడు కూడా జ్వరమనే రాశాడు. మా ఆఫీసు మొత్తానికి ఒకే రోజు జ్వరం తగిలి ఒకే రోజు తగ్గింది. ఆ ఫారాల మీద ఆఫీసరు సంతకం పెడితే ఉద్యోగం. పెట్టకపోతే ఏమవుతుందో ఎవరూ అడగలేదు. ఆఫీసరు మారలేదు. ఆరేళ్ళు "బాగుంది" అని రాసినవాడే. కుర్చీ వెనక గోడ మీద ఫోటో మాత్రం మారింది.

మూడో రోజు పొద్దున్న నన్ను పిలిచాడు. బల్ల మీద ఒక పక్క మా ఫారాలు, ఇంకో పక్క కొత్త ఆర్డరు. పోయిన పార్టీ ప్రసంగాలన్నీ నిరుపయోగం, వెంటనే చెరిపి కొత్త ప్రకటనలకు టేపు సిద్ధం చెయ్యాలి. పై వరసలోంచే మొదలుపెట్టమన్నాడు.

రాజుల రాతల జోలికి ఎవరూ వెళ్ళరని చదివిన నా చదువు అక్కడ నిలబడిపోయింది. చాలా ఏళ్ళ తరవాత ఆ శాసనాల పుస్తకం ఇంకో ప్రతి రోడ్డు పక్క పాత పుస్తకాల్లో కనబడింది. కొని రెండో సగం చదివాను. కొత్త రాజు వచ్చాక చేసే మొదటి పని పాత రాజు పేరును ఉలితో చెక్కించెయ్యడమట. రెండో సగం మొత్తం అదే. గ్రంథాలయం మూసినవాళ్ళను ఎన్ని తిట్టినా తీరదు. సగం చదివి పండితుణ్ణనుకున్నవాణ్ణి కూడా.

ఆఫీసరు యంత్రం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మొదటి భాగం చెరిపాం. రెండో భాగం చెరిపాం. మూడో పెట్టె తీశాడు.

"సార్, దీన్ని ఒకసారి విని చూద్దామా?"

"ఎందుకు?"

"ఏమైనా పనికొచ్చేది ఉందేమో."

నావైపు విసుగ్గా చూశాడు. "ప్రతి ఏడూ వింటూనే ఉన్నాను కదా. ఏముంది అందులో, సోది. ఎక్కించు."

ఇప్పుడు మీరు అడుగుతారు, నిజం ఎందుకు చెప్పలేదని. చెప్పి ఉండవచ్చు. ఆరేళ్ళు నువ్వు వినకుండా సంతకం పెట్టావు, నా తప్పు బయటపడితే నీదీ పడుతుంది అని ఆ మనిషిని మెడ పట్టుకున్నంత గట్టిగా పట్టుకోవచ్చు. ఆ మాట నాకు ఆ రోజు తోచలేదు. తోచేసరికి నేను ఇంట్లో భోజనం చేస్తున్నాను. ఆ క్షణాన నాకు కనిపించింది బల్ల మీద సంతకం లేని నా ఫారం. ఇంట్లో ఐదుగురున్నారు.

రీలు ఎక్కించాను. మీట నొక్కాను.

టేపు చెరపడం మీరు ఫోనులో వేలితో తీసేసినట్టు కాదు. పాట ఎంతసేపుంటే చెరపడం అంతసేపు పడుతుంది. ముప్పై మూడు నిమిషాలు. యంత్రం తిరుగుతుంది, చప్పుడు కొలిచే సూది అడుగున పడుకుని ఉంటుంది, ఏమీ వినపడదు. కాని ఏ నిమిషానికి ఏ పాటో నాకు బట్టీ. ఇదిగో మొదటిది పోతోంది. ఇదిగో ఆరో నిమిషం, రెండోది మొదలైంది, అదీ పోతోంది. వేలు ఎత్తి ఇంకో మీట నొక్కితే ఆగుతుంది. ఎప్పుడైనా ఆపవచ్చు. మిగిలింది మిగులుతుంది.

పద్నాలుగో నిమిషంలో ఆఫీసరు లేచాడు. "అయ్యాక పెట్టె మీద కొత్త చీటీ అంటించు" అని టీకి వెళ్ళిపోయాడు.

గదిలో నేనొక్కణ్ణి. తలుపు తెరిచి ఉంది. అప్పటికి నాలుగో పాట ఇంకా మొదలు కాలేదు. ఐదోది, ఆరోది అలాగే ఉన్నాయి. ఆపి, చీటీ మార్చి, అడుగు వరసలో పడేస్తే సరిపోయేది. ఆ మనిషి ఎప్పుడూ ఏదీ వినడని ఈ ఊళ్ళో నాకన్నా బాగా తెలిసినవాడు లేడు. ఆరేళ్ళు దాని మీదే పందెం వేశాను, ఆరేళ్ళు గెలిచాను. ఆ రోజు మాత్రం, ఈసారి వింటాడేమో అనుకున్నాను. భయం మనిషిని అంత తెలివితక్కువవాణ్ణి చేస్తుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నాలుగో పాట నా కళ్ళ ముందే ఒక చుట్ట మీంచి రెండో చుట్ట మీదికి తిరిగి చెరిగిపోయింది. ఐదోది, ఆరోది. తోక ఊడి రీలు పటపట కొట్టుకుంటుంటే లేచి ఆపాను.

మధ్యాహ్నం నా ఫారం మీద సంతకం పడింది.

సాయంత్రమే తామ్వే పోయాను. దాచిపెడితే అది సయాకు ఇంకో అవమానమని నాకనిపించింది. ఆయన అలవాటుగా నవ్వుతూ అడిగారు: "మూడో భాగం ఆరోగ్యమేనా?"

మొత్తం చెప్పాను. పద్నాలుగో నిమిషం కూడా చెప్పాను. అది చెప్పకుండా ఉంటే బహుశా క్షమించేవారు.

"వాడు వెళ్ళిపోయాడా?"

"వెళ్ళాడు సయా."

"నువ్వొక్కడివే ఉన్నావా?"

"అవును."

"నాలుగోది అప్పటికి ఉందా?"

"ఉంది."

ఆయన లేచి, మూసి ఉన్న పియానో మీద గుడ్డను సరిచేసి, లోపలికి వినపడేలా భార్యతో అన్నారు: "ఈయన వెళుతున్నాడు, టీ పెట్టకు." అంతే. ఇంకో ఐదేళ్ళు బతికారు. దారిలో ఎదురుపడినా నన్ను చూడలేదు. ఆయన కోపం న్యాయమైనది. దాన్ని మెత్తబరచి మీకు చెప్పను.

మా బావ ఊరుకునే రకం కాదు. వీధిలో నిలబెట్టి తిట్టాడు.

"అంత సదువుకున్నోడివి, ఓ మీట నొక్కలేకపోనావా? ఊరేగింపులో జెండా పట్టుకుని ముందు నడిసినావు, ఖాళీ గదిలో బయపడ్డావా?"

"అవును బావా."

"అవునంతే అయిపోనాదేటి?" కాసేపు రొప్పాడు. ఆపైన గొంతు తగ్గించాడు. "మరి ముక్కలేవి? ఆ మూడు ఆదివారాలూ తెగ కత్తిరించినావుగా. అవి అతికించీసినావా?"

అప్పుడు గుర్తొచ్చింది. ఒక పాట చెడి మళ్ళీ మొదలుపెడితే ఆ చెడిన ముక్కను కత్తిరించేస్తాం. పద్ధతి ప్రకారం అతికించాలి. నేను మాత్రం మైకు ఎంత దూరంలో పెడితే ఏం వినిపించిందో నేర్చుకోవడానికి ఆ తప్పుల ముక్కలను దాచుకున్నాను. చుట్టి చొక్కా జేబులో పెట్టుకుంటే గేటు దగ్గర దొరకవు. ఇంట్లో బిస్కట్ల డబ్బాలో ఉన్నాయి. మా ఆవిడ వాటితో కరివేపాకు కట్టలు కట్టేసేది గనుక కొన్ని పోయాయి, కొన్ని మిగిలాయి. ఆఫీసు యంత్రం మీద వాటిని పెట్టే ధైర్యం నాకు లేకపోయింది, బయట వేరే యంత్రం దొరకలేదు. మా బావ కూడా వినకుండానే పోయాడు.

ఆ అట్ట ముందు నేను మండిపడుతుంటే ప్రదర్శన పెట్టినవాళ్ళలో ఒకమ్మాయి వచ్చింది. అహ్లోన్ పిల్ల, మన తెలుగే. మాట్లాడితే మధ్యలో బర్మా మాటలు దొర్లుతాయి.

"ఏటయింది తాతా?"

"ఇది అబద్ధం. తయారైంది. తేమకు పోలేదు. చెరిపారు."

"ఎవరు?"

"నేనే."

ఆ పిల్ల నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ముసలాయనకు మతి తప్పిందనుకున్నట్టుంది. మర్నాడు డబ్బా తీసుకుపోయాక నమ్మింది. వాళ్ళ దగ్గర పాత యంత్రం ఉంది. ముక్కలన్నీ నేనే అతికించాను, ఇంకొకరిని ముట్టుకోనివ్వలేదు. నాలుగు నిమిషాల పైచిలుకు వచ్చింది. అన్నీ చెడిన మొదళ్ళే. ఒకచోట ఓడ కూత. ఒకచోట డ్రమ్ము పుల్ల కిందపడ్డం.

అట్ట మార్చారు. మాటలు నేను చెప్పాను. నలుగురు వాయించారు, మూడు ఆదివారాలు, ఆరు పాటలు. కమిటీ అనుమతి ఇవ్వలేదు. ఆఫీసరు వినలేదు. చెరిపినది ఫలానావాడు. ఆ ఫలానా చోట నా పూర్తి పేరుంది. ఇక్కడ ఎవరి పేరూ రాయలేదు గాని అక్కడ ఆ ఒక్కటీ రాయించాను. నన్ను తిట్టుకోవాలనుకున్నవాళ్ళు వెళ్ళి చదువుకోవచ్చు.

అంతా అయ్యాక ఆ పిల్ల చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని నాలుగు నిమిషాలూ నిలబడి వింది. తీసి నావైపు తిరిగి అంది:

"ఇన్నాను తాతా. బాగుంది."

ఆ రెండు మాటలూ వినగానే తనిఖీ కాగితాల గడులు కళ్ళ ముందుకొచ్చాయి. ఆ పిల్లకేం తెలుసు పాపం. అయినా అడిగాను, ఆఫీసరును ఆ రోజు అడగాల్సినట్టు, గట్టిగా:

"ఏం బాగుంది? ఎక్కడ బాగుంది? చెప్పు."

బెదరలేదు.

"అక్కడ తాతా. క్లారినెట్టు పైకి పోతా పోతా ఆగిపోనాది గదా. ఆ తాత ఎవుడో తెలుగులో తిట్టినాడు, 'ఈ గోనెల్నెవుడు కట్టమన్నాడ్రా, నోట్లో ఊకపొట్టు పడినాది' అని. పియానో ఆయనకి తెలుగు రాదనుకుంటా. ఐనా పకపకా నవ్వినాడు. నవ్వతానే తిట్, హ్నిట్, తోన్ అని బర్మాలో లెక్కెట్టి మళ్ళీ మొదలెట్టినాడు. పై మెట్టు దాకా పోయి, నొక్కకుండా పక్కకి తిరిగిపోనాడు. అది బాగుంది."

ఈ పిల్ల నిజంగా విన్నది. నేను లేచి, చేతికర్ర తీసుకుని ఇంటికి వచ్చాను.